కడుపుతో ఉందని ఎక్స్‌రే తీయకపోవడం జాగ్రత్త కాదు



"కడుపుతో ఉంది కదా, ఎక్స్‌రే తీయకూడదు. పురుడయ్యాక రండి." మన ఏజెన్సీ ఆడవాళ్ళు ఎంతమంది ఈ మాట విని కొండెక్కేశారో! చెప్పినవాళ్ళు దాన్ని జాగ్రత్త అనుకుంటారు. నేనైతే వదిలించుకోవడం అంటాను.

లెక్క చూడండి. ఛాతీ ఎక్స్‌రేలో కిరణం పడేది ఛాతీ మీద. కడుపులో బిడ్డకి చేరేది 0.01 మిల్లీగ్రే కూడా ఉండదు. (ఒంటికి అందిన కిరణాల కొలతని మిల్లీగ్రేల్లో చెప్తారు.) 50 మిల్లీగ్రేల లోపు అవకరాలు గానీ గర్భస్రావాలు గానీ పెరిగినట్టు ఆధారం లేదని ప్రసూతి డాక్టర్ల సంఘాలే చెప్తున్నాయి. అంటే ఐదు వేల ఎక్స్‌రేలు తీస్తే గానీ ఆ గీత దగ్గరకి పోము. అసలు ఏ ఎక్స్‌రే లేకపోయినా నేల నుంచి, ఆకాశం నుంచి తొమ్మిది నెలల్లో బిడ్డకి అందేదే అర నుంచి ఒక మిల్లీగ్రే. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కట్టిందేమో అని తీసే ఛాతీ సీటీ కూడా బిడ్డకి 1 మిల్లీగ్రే లోపే. పొట్టకి, నడుముకి తీసే సీటీ వేరు, అక్కడ ఆలోచించాల్సిందే. రెండిటినీ ఒకే గాటన కట్టొద్దు.

మా ఊరి వదిన ఒకామెకి ఆరో నెల. మూడు వారాలుగా దగ్గు, సాయంత్రమైతే జ్వరం. జీపు కట్టించుకుని దిగితే దగ్గు మందు సీసా ఇచ్చి పంపేశారు. కఫం కూడా అడగలేదు! నెల తర్వాత ఇంకోచోట చూపిస్తే టీబీ అని తేలింది. ఆ నెలంతా ఆ ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు ఆమె పక్కనే పడుకున్నారు. దీన్ని ఎవరు లెక్కేస్తారు?

టీబీకి మందు పడకపోతే నెలలు నిండకుండా కాన్పు అవ్వచ్చు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టొచ్చు, తల్లి ప్రాణానికే ముప్పు రావచ్చు. మామూలు టీబీ మాత్రలు గర్భంలోనూ ఇస్తారు, సర్కారు ఆసుపత్రిలో ఉచితం. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్ మాత్రం వద్దు, బిడ్డ వినికిడికి దెబ్బ.

నేను డాక్టర్ని కాను, డిగ్రీ చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది నేనే మొదట, అందుకే ఊళ్ళో ఏ ఆసుపత్రి చీటీ అయినా నా చేతికే వస్తుంది. మీ ఇళ్ళలోనూ అంతే కదా. ఎక్స్‌రే గది తలుపు మీద "గర్భిణులు ముందుగా చెప్పండి" అని ఉంటుంది. చెప్పమన్నారు, వెళ్ళిపొమ్మనలేదు. కాబట్టి చెప్పించండి. కఫం పరీక్ష ముందు అడగండి, దానికి ఏ కిరణమూ అక్కర్లేదు. డాక్టరు రాసిన ఎక్స్‌రేని గది దగ్గర తీయమంటే, ఎందుకు తీయరో అదే చీటీ మీద రాసి సంతకం పెట్టమనండి. ఆ చీటీతో మళ్ళీ డాక్టరు దగ్గరకే వెళ్ళండి.