అది కరెంటు కాదు!

మన ఊళ్లలో కేన్సర్ రోగికి చేసే రేడియేషన్ చికిత్సను 'కరెంటు పెట్టడం' అంటారు. ఈ మాట మానుకోవాలని నా అభిప్రాయం. మాట తప్పయితే లేనిపోని భయాలు పుడతాయి.

రోగి ఒంట్లోకి పంపేది విద్యుత్తు కాదు, కిరణాలు. కోబాల్టు-60 యంత్రం నుంచి గామా కిరణాలు, లీనియర్ యాక్సిలరేటర్ నుంచి శక్తిమంతమైన ఎక్స్-కిరణాలు వస్తాయి. కోబాల్టు చికిత్స 1951లో కెనడాలో మొదలయింది. ఈ కిరణాలు కణంలోని డి.ఎన్.ఎ.ను తెంపుతాయి. ఆ దెబ్బను బాగుచేసుకునే శక్తి మామూలు కణాలకు ఎక్కువ, కేన్సర్ కణాలకు తక్కువ. మామూలు కణాలు కోలుకోవడానికి వ్యవధి ఉండాలి కనుకనే మోతాదునంతా ఒకేసారి ఇవ్వక, సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలపాటు ఇస్తారు.

మరి మధ్యలో మానేస్తే? మిగిలిన కేన్సర్ కణాలు మళ్లీ పెరుగుతాయి. చర్మం కమిలిందని భయపడి ఇంట్లో కూర్చోరాదు, డాక్టరుకు చెప్పాలి.

రోగి దగ్గరకు పిల్లలు పోకూడదనేది ఇంకొక అపోహ. బయటి యంత్రంతో చికిత్స పొందినవారి ఒంట్లో కిరణాలు నిలవవు. టార్చిలైటు ఆర్పాక గోడమీద వెలుగు మిగులుతుందా? రేడియోధార్మిక అయోడిన్ వంటివి లోపలికి ఇచ్చినప్పుడు మాత్రం కొద్దిరోజులు జాగ్రత్తలు అవసరం. అవి డాక్టర్లే చెబుతారు.

విద్యార్థులారా! ఇంట్లో సైన్సు చదువుతున్నది మీరు. 'కరెంటు' అన్న మాట వినిపిస్తే మెల్లగా సరిదిద్దండి. చికిత్సకు వెళ్లివచ్చిన తాతయ్య పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి.