యుద్ధ ప్రసంగానికి చప్పట్లు కొట్టేముందు: అనంత ప్రజలకు విజ్ఞప్తి

2025 జూన్ 23న ఖతార్‌లోని అల్ ఉదైద్ అమెరికా స్థావరంపైకి ఇరాన్ క్షిపణులు వదిలింది. ఆ రాత్రి ఖతార్‌తోపాటు కువైట్, బహ్రెయిన్ కూడా కొన్ని గంటలు గగనతలం మూసేశాయి. కదిరి, నల్లచెరువు, తనకల్లు వైపు ఇలాంటి వార్తను విదేశీ వార్తగా చదవడం కుదరదు. బోరు వేస్తే నీళ్లు పడక, వానల్లేక శనక్కాయ ఎండి, నూటికి రెండు రూపాయల వడ్డీ నెత్తిన కూర్చుంటే ఏజెంటుకు డబ్బు కట్టి కువైట్ విమానం ఎక్కడం ఇక్కడ కొత్త కాదు. ఇళ్లలో పనికి ఆడవాళ్లు, డ్రైవర్లుగా, కూలీలుగా మగవాళ్లు వెళ్తారు. అకామా (నివాస అనుమతి) సేటు, అంటే యజమాని, దయ మీద ఉంటుంది, చాలాచోట్ల పాస్‌పోర్టూ ఆయన బీరువాలోనే. ఐఎంఓ యాప్‌లో ఫోన్ కలవకపోతే ఆ పూట ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు.

ఆ క్షిపణులకు ముందురోజు అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఇరాన్‌లోని ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ అణుకేంద్రాలపై బాంబులు వేయించారు. ఇరాన్ అణుబాంబుకు అడుగు దూరంలో ఉందన్నది ఆయన వాదన. కానీ ఇరాన్ అణ్వాయుధం తయారు చేయడం లేదన్నదే నిఘా సంస్థల అంచనా అని ఆయన నియమించిన నిఘా అధిపతి తులసీ గబ్బార్డే మార్చిలో అమెరికా చట్టసభ కాంగ్రెస్ ముందు చెప్పి ఉన్నారు. విలేకరులు ఆ మాట గుర్తుచేస్తే, ఆమె చెప్పింది తప్పన్నారు ట్రంప్. దాడికి ముందు గబ్బార్డ్ కూడా స్వరం మార్చారు. ఆ దాడికి ముందు కాంగ్రెస్‌లో ఓటింగ్ మాత్రం జరగలేదు. యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెస్‌దేనని అమెరికా రాజ్యాంగం అంటుంది. ఆ ప్రకటన చివరిసారి వెలువడింది 1942లో!

ఈ తంతు పాతదే. 1990 ఆగస్టు 2న ఇరాక్ అధినేత సద్దాం హుస్సేన్ కువైట్‌ను ఆక్రమించాడు. అది పచ్చి దురాక్రమణ, దానిపై రెండో మాట లేదు. అయినా అమెరికా ప్రజలను యుద్ధానికి ఒప్పించడానికి అది చాలలేదు కాబోలు. అక్టోబర్‌లో పదిహేనేళ్ల బాలిక ఒకామె కాంగ్రెస్ సభ్యుల ముందు ఏడుస్తూ, కువైట్ ఆసుపత్రిలో ఇరాకీ సైనికులు ఇంక్యుబేటర్లలోని పసికందులను తీసి నేలమీద వదిలేశారని చెప్పింది. అధ్యక్షుడు సీనియర్ బుష్ ఆ కథను పదేపదే వినిపించారు. జనవరిలో సెనేట్ 52–47 ఓట్లతో యుద్ధానికి అనుమతించింది. ఆ బాలిక అమెరికాలోని కువైట్ రాయబారి కూతురని, ఆ సాక్ష్యం వెనుక హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార సంస్థ ఉందని లోకానికి తెలిసింది 1992లో. అప్పటికి యుద్ధం ముగిసి ఏడాది కావస్తోంది.

కొడుకు బుష్ 2003లో ఇంకో మెట్టు ఎక్కారు. ఇరాక్ ఆఫ్రికా నుంచి యురేనియం కొనబోయిందని జనవరి 28 ప్రసంగంలో చెప్పారు. దానికి ఆధారమన్న పత్రాలు నకిలీవని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ మార్చి 7న తేల్చింది. రెండు వారాలు తిరక్కుండానే బాంబులు పడ్డాయి. సామూహిక విధ్వంసక ఆయుధాల నిల్వలేవీ దొరకలేదని అమెరికా సొంత దర్యాప్తు 2004లో ఒప్పుకుంది.

తప్పుడు వాదనకైనా, నిజమైన వాదనకైనా ఖర్చు మన దాకా వస్తుంది. 1990లో కువైట్ నుంచి లక్షకు పైగా భారతీయులను జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానాల్లో తీసుకురావాల్సి వచ్చింది. చమురు ధర ఎగబాకింది, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు తగ్గింది, విదేశీ మారకం అడుగంటింది. 1991 జూలైలో రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని లండన్‌కు తరలించి తాకట్టు పెట్టింది.

యుద్ధం విషయంలో మన దేశపు పద్ధతి వేరు. మన ఇల్లూరు నుంచి నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతి అయ్యారు. రాష్ట్రపతి త్రివిధ దళాల అధిపతే అయినా మంత్రిమండలి సలహా లేకుండా సైన్యాన్ని కదల్చలేరు. ఒక్కరి ప్రసంగంతో యుద్ధం మొదలుకాకుండా ఉండటానికి ఆ మాత్రం అడ్డు అవసరమే. అయినా ఢిల్లీ ప్రభుత్వాలూ తడబడ్డాయి: 1991లో అమెరికా సైనిక రవాణా విమానాలకు బొంబాయిలో ఇంధనం నింపనిచ్చి, గొడవయ్యాక ఆపారు. 2003లో మాత్రం పార్లమెంటు ఇరాక్ యుద్ధాన్ని ఖండించింది. సైన్యం పంపమని అమెరికా అడిగితే, ఐక్యరాజ్యసమితి ఆమోదం లేనిదే పంపేది లేదని వాజపేయి ప్రభుత్వం జూలైలో చెప్పేసింది.

ఆ పాటి తెగువ మళ్లీ కావాలంటే ఒత్తిడి ఇక్కడి నుంచే వెళ్లాలి. ఏ దేశాధ్యక్షుడు దాడికి కారణాలు చెప్పినా, సాక్ష్యం ఎవరు పరిశీలించారో, చట్టసభ ఓటు వేసిందో లేదో, సమితి ఏమందో తెలిసేదాకా ఆ వీడియోను వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. గల్ఫ్‌లో మనవాళ్ల రక్షణపై, దాడులపై దేశ వైఖరి ఏమిటో పార్లమెంటులో అడగమని అనంతపురం, హిందూపురం ఎంపీలకు గ్రామసభల నుంచి ఉత్తరాలు రాయండి. కువైట్‌లో ఉన్నవారి పాస్‌పోర్టు, సివిల్ ఐడీ, వీసా కాగితాల నకళ్లు ఇంట్లో ఒక కవరులో ఉంచండి, సేటు ఫోన్ నంబరూ అందులోనే రాసిపెట్టండి. ఇకపై వెళ్లేవారిని ఏజెంటు మాట మీద విజిట్ వీసాతో పంపొద్దు. ఈ-మైగ్రేట్‌లో నమోదై, ప్రవాసీ భారతీయ బీమా కట్టి వెళ్లమనండి.