అందరికీ అవే ప్రశ్నలు, కాగితం మీద మార్కులు

ఉద్యోగ ఇంటర్వ్యూల తీరు మార్చాలని విజ్ఞప్తి

ఉద్యోగాల వేటలో ఉన్న యువతీయువకులారా! తల్లిదండ్రులారా! కాలేజీల, కంపెనీల, దుకాణాల యజమానులారా!

ఇంజినీరింగ్ పూర్తయిన పిల్లవాడు రాత పరీక్ష నెగ్గుతాడు. టెక్నికల్ రౌండ్‌లో అడిగిన ప్రోగ్రాం రాసి చూపిస్తాడు. ఆఖరున హెచ్‌ఆర్ రౌండ్. ఇంటిపేరేంటి? సొంతూరు ఏది? నాన్నగారు ఏం చేస్తారు? పొలం ఉందా? అమ్మాయి అయితే ఇంకో రెండు: పెళ్లెప్పుడు? పెళ్లయ్యాక ఉద్యోగం చేయనిస్తారా? పది నిమిషాల్లో అయిపోతుంది. ‘మెయిల్ పెడతాం’ అంటారు. ఆ మెయిల్ రాదు. ఎందుకు రాలేదో చెప్పే నాథుడుండడు.

వీటిలో ఏ ఒక్క ప్రశ్నకైనా ప్రోగ్రాం రాయడంతో సంబంధం ఉందా? ఇంటిపేరు, ఊరు, తండ్రి చేసే పని, ఈ మూడూ తెలిస్తే మన దగ్గర కులం చాలావరకు తెలిసిపోతుంది. ఆ సంగతి అడిగేవారికీ తెలుసు, జవాబు చెప్పేవారికీ తెలుసు.

ఇది ఉద్యోగం రానివాళ్ల ఉక్రోషం అని కొట్టిపారేయకండి. 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో సుఖదేవ్ థోరట్, పాల్ అటీవెల్ ఒక అధ్యయనం ప్రచురించారు. సమాన అర్హతలున్న దరఖాస్తులను వేరువేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపి చూశారు. అగ్రకుల హిందూ పేర్లతో పోలిస్తే దళిత, ముస్లిం పేర్లకు పిలుపు వచ్చే అవకాశం తగ్గింది. అదే సంచికలో సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడి రాశారు. ప్రతిభే చూస్తామన్న ఆ మేనేజర్లే కుటుంబ నేపథ్యం కూడా అడుగుతామని చెప్పారు.

ఇంటర్వ్యూలే వద్దని మేం అనడం లేదు. మనిషిని చూడకుండా పనిలోకి తీసుకోమంటే ఎవరూ ఒప్పుకోరు. ఏ రకం ఇంటర్వ్యూ దేనికి పనికొస్తుందో తెలిసి వాడమంటున్నాం. ఫోన్‌లో చేసే మొదటి ఇంటర్వ్యూ అర్హతలు సరిచూసుకోవడానికి చాలు. టెక్నికల్ రౌండ్ చేతిలో పనితనం ఉందో లేదో చూపిస్తుంది. ప్యానెల్ ఇంటర్వ్యూలో ఒకరి పక్షపాతాన్ని ఇంకొకరు సరిదిద్దే వీలుంది. గ్రూప్ డిస్కషన్ మాత్రం ఎవరి గొంతు పెద్దదో తేల్చే పోటీ అయిపోయింది. తెలుగు మీడియంలో చదివి, డేటాబేస్ పని చక్కగా తెలిసిన పిల్ల ఇంగ్లీషు వాగ్ధాటి ముందు నోరు విప్పలేక అక్కడే ఆగిపోతోంది. కస్టమర్లతో ఇంగ్లీషులో మాట్లాడే ఉద్యోగమైతే ఆ పరీక్ష పెట్టండి. కోడ్ రాసే ఉద్యోగానికి ఎందుకు?

ఏ పద్ధతి మంచిదో కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ 85 ఏళ్ల పరిశోధనలను కలిపి లెక్క కట్టారు. నోటికొచ్చింది అడిగే ఇంటర్వ్యూ కంటే, ముందే ప్రశ్నలు రాసుకుని అందరినీ అవే అడిగి మార్కులు వేసే ఇంటర్వ్యూ మనిషి పనితనాన్ని బాగా అంచనా వేస్తుందని తేలింది. 2022లో పాల్ సాకెట్ బృందం ఆ లెక్కలను తిరగదోడింది. పరిశీలించిన ఎంపిక పద్ధతులన్నిటిలో ఈ పద్ధతే మొదటి స్థానంలో నిలిచింది. అంటే న్యాయమైన దారే యజమానికి లాభమైన దారి కూడా.

ప్రభుత్వ వ్యవస్థకు ఈ పాఠం ఎప్పుడో అందింది. శ్రీనగర్ రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ సీట్ల కేసులో, అజయ్ హాసియా కేసు అంటారు దాన్ని, రాత పరీక్షకు 100 మార్కులు, ఇంటర్వ్యూకు 50 పెట్టారు. రెండు మూడు నిమిషాల ఇంటర్వ్యూలో తల్లిదండ్రులెవరు, ఎక్కడుంటారు అని అడిగి పంపేశారని విద్యార్థులు మొరపెట్టుకున్నారు. ఇంటర్వ్యూకు 15 శాతానికి మించి మార్కులు పెట్టడం అన్యాయమని సుప్రీంకోర్టు 1980లో చెప్పింది. ఇంటర్వ్యూలను టేప్ రికార్డు చేస్తే మంచిదని కూడా సూచించింది. సివిల్స్‌లో నేడు మొత్తం 2025 మార్కుల్లో ఇంటర్వ్యూకు 275 మాత్రమే. కేంద్రం 2016 జనవరి 1 నుంచి గ్రూప్-సి, నాన్ గెజిటెడ్ గ్రూప్-బి కొలువులకు ఇంటర్వ్యూలు ఎత్తేసింది. తెలంగాణ 2022లో గ్రూప్-1, గ్రూప్-2లకూ ఎత్తేసింది.

సర్కారు కొలువుకు రాజ్యాంగం 16వ అధికరణ అండ ఉంది. ప్రైవేటు నియామకాలకు ఆ అండ లేదు. అందుకే ఈ డిమాండ్లు:

1. పిలుపుతోపాటే ఎన్ని రౌండ్లు, ఏ రౌండ్‌లో ఏం చూస్తారు, ఏ భాషలో జరుగుతుంది అన్నవి రాసి పంపాలి.

2. ఒక ఉద్యోగానికి వచ్చినవారందరినీ అవే ప్రశ్నలు అడగాలి. ప్రతి ప్రశ్నా ఆ పనికి సంబంధించినదే కావాలి.

3. కులం, మతం, తల్లిదండ్రుల వృత్తి, పెళ్లి, పిల్లల ఊసు ఎత్తకూడదు. నైట్ షిఫ్ట్ ఉంటే ‘నైట్ షిఫ్ట్ చేయగలరా’ అని ఆడా మగా అందరినీ అడగాలి.

4. కనీసం ఇద్దరు కూర్చోవాలి. అభ్యర్థి బయటికి వెళ్లగానే ఎవరి మార్కులు వారు కాగితం మీద వేయాలి. చర్చ ఆ తర్వాతే.

5. ఫలితం ఏ తేదీన చెబుతారో ముందే చెప్పాలి. తీసుకోకపోతే కారణం ఒక్క వాక్యంలోనైనా తెలపాలి.

6. ఈ షరతులకు సంతకం పెట్టిన కంపెనీలనే కాలేజీలు క్యాంపస్‌లోకి రానివ్వాలి. ఐటీ, పరిశ్రమల విధానాల కింద రాయితీలు పొందే సంస్థలకు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ వీటిని షరతుగా పెట్టాలి.

‘పెద్ద కంపెనీలకైతే సరే, మా చిన్న కొట్టుకు ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి’ అనే యజమానికి ఒక లెక్క చెబుతాం. విజయవాడ వన్‌టౌన్‌లో హోల్‌సేల్ కొట్టుకు అకౌంట్స్ గుమస్తా కావాలి. ఒక కొనుగోలు బిల్లు ఇచ్చి ట్యాలీలో ఎంట్రీ వేయమనండి. జీఎస్టీ తప్పుగా వేసిన ఇంకో బిల్లు ఇచ్చి తప్పు పట్టమనండి. రెండు నెలలుగా బాకీ పెట్టిన పాత పార్టీని ఫోన్‌లో ఎలా అడుగుతారో మాట్లాడి చూపించమనండి. మూడింటికీ పదేసి మార్కులు. వచ్చిన వాళ్లందరికీ అవే మూడు. మీరొకరు, మీ పాత గుమస్తా ఒకరు మార్కులు వేయండి. దీనికి కావలసింది అర ఠావు కాగితం.

‘మనిషి నడవడి తెలియాలంటే ఇంటి సంగతులు అడగాలి కదా’ అనేవారూ ఉన్నారు. నడవడి తెలియాలంటే పాత యజమానిని అడగండి, కొన్నాళ్లు ప్రొబేషన్‌లో పెట్టి చూడండి. తండ్రి వృత్తిని బట్టి కొడుకు నిజాయతీ తెలుస్తుందనుకోవడం ఈ కాలంలో చెల్లని మాట.

మిత్రులారా! ఒక్కరు అడిగితే ‘ఇష్టముంటే రా, లేకపోతే పో’ అంటారు. కాలేజీ అంతా కలిసి అడిగితే ప్లేస్‌మెంట్ ఆఫీసరు వినక తప్పదు. వచ్చే క్యాంపస్ డ్రైవ్‌కు ముందే ఈ ఆరు డిమాండ్ల మీద సంతకాలు సేకరించి ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి. నకలు మీ ఎమ్మెల్యేకు పంపండి. ఇప్పటికే ఉద్యోగంలో ఉండి ఇంటర్వ్యూలు చేస్తున్న అన్నలూ, అక్కలూ! రేపు మీ ఎదుట కూర్చునే కుర్రాణ్ని పని గురించి అడగండి, వాళ్ల నాన్న గురించి అడగకండి.