ఐబు దాచి అమ్మిన జిప్సీ డబ్బులు హలాలేనా?



మన ఇళ్లలో గోష్త్ వస్తే వంద సవాళ్లు అడుగుతాం. ఎవరి దుకాణం, జబహ్ ఎవరు చేశారు, బిస్మిల్లా చెప్పారా లేదా అని. అదే ఇంట్లోకి పాత బండి అమ్మిన పైసలు వస్తే ఒక్కరూ నోరు తెరవరు. నా ఝగడా ఇక్కడే.

ఆదోని, ఎమ్మిగనూరు, ఉరుకుంద వైపు పాత మారుతీ జిప్సీకి ఇప్పటికీ ఇజ్జత్ ఉంది. 1985లో వచ్చిన బండి. 2019లో మామూలు జనానికి అమ్మడం ఆపేశారు. మా నల్లరేగడి తడిసిందంటే మామూలు కారు చక్రాలు కూరుకుపోతాయి. నాలుగు చక్రాలూ లాగే జిప్సీ బయటపడుతుంది. అందుకే షౌక్ ఉన్న నౌజవాన్లు వెతికి మరీ కొంటారు. కొన్నాక ఉన్నది ఉన్నట్టు ఉంచరు. పట్టీలు మార్చి బండిని పైకి లేపుతారు. పెద్ద టైర్లు, ఇనుప బంపర్లు వేస్తారు. కొందరైతే పెట్రోలు ఇంజను పీకేసి డీజిలు ఇంజను పెడతారు. షౌక్ తీరాక, "దీనికి లక్షలు పెట్టాం" అని దామ్ పెంచి అమ్ముతారు. పెట్టిన ఖర్చు పైసాతో సహా చెప్తారు, ఐబు మాత్రం చెప్పరు.

మా దగ్గరి చుట్టం ఒకతను ఈమధ్యే జిప్సీ అమ్మకానికి పెట్టాడు. కొనేవాడికి అన్నీ చెప్పావా అని అడిగాను. "అన్నీ చెప్పుకుంటూ పోతే ఎవడు కొంటాడు భాయ్? చూసి కొనుక్కోవడం వాడి పని" అన్నాడు. అతనొక్కడి మాటే అయితే రాసేవాణ్ణి కాదు. నమాజు తప్పనివాళ్లు కూడా ఇదే మాటంటారు.

పెద్ద టైర్ల సంగతే తీసుకోండి. టైరు చుట్టుకొలత పదోవంతు పెరిగితే, మీటరు 60 చూపించేటప్పుడు బండి 66 మీద పోతుంటుంది. ఆ టైర్లతో మీటరు మీద 50 వేల కిలోమీటర్లు తిరిగిందంటే, నిజంగా తిరిగింది 55 వేలు. కొలతలో తగ్గించి ఇచ్చేవాళ్ల మీద ఖురాన్‌లో ఒక సూరానే ఉంది, ముతఫ్ఫిఫీన్. ఆ హెచ్చరిక తరాజు పట్టుకున్న దుకాణ్‌దారుకేనా? మీటరు చూపించి బండి అమ్మేవాడికి వర్తించదా?

రసూలల్లాహ్ (స) బజారులో ధాన్యం కుప్పలోకి చెయ్యి పెట్టి, లోపల తడి తగిలితే, తడిసినది జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని అమ్మేవాణ్ణి నిలదీశారు. సహీహ్ ముస్లింలో ఉన్న హదీసు ఇది. ఆదోని మార్కెట్టుకు పత్తి తెచ్చేవాళ్లకు దీన్ని విడమరచి చెప్పాల్సిన పనిలేదు. చూసుకోవడం కొనేవాడి పనే అయితే, ఆ రోజు మందలింపు పడాల్సింది అమ్మినవాడి మీద కాదు కదా! ఐబు దాచి అమ్మితే సరుకు వాపసు ఇచ్చే హక్కు కొన్నవాడికి ఉందని ఫిఖ్ కూడా చెప్తుంది. దాన్నే ఖియారె ఐబ్ అంటారు.

ఇది పైసల మాట. జాన్ మాట ఇంకా ఉంది. పైకి లేపిన బండి మలుపులో బోల్తా పడే ఖత్రా ఎక్కువ. బరువైన టైర్లు వేస్తే బ్రేకు కొట్టినా ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. శ్రావణ మాసంలో ఉరుకుంద ఈరన్న దర్శనానికి కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. ఆ రోజుల్లో దొరికిన బండల్లా ఎక్కుతారు. మీరు అమ్మిన జిప్సీలో రేపు పిల్లాజెల్లాతో ఎవరు కూర్చుంటారో మీకు తెలియదు. వాళ్ల మజ్‌హబ్ ఏదైనా, వాళ్ల జాన్ మీ చేతిలో అమానత్.

దీన్ మాట చెవికెక్కనివాళ్లు కానూన్ మాటైనా వినండి. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, ఇజాజత్ లేని ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జుర్మానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఇంజను మార్చిన బండి పేరు మార్పిడికి పోతే ఆర్సీలో నెంబరూ ఇంజను మీద నెంబరూ కలవవు. అందుకే ఖాళీ 29, 30 ఫారాల మీద దస్తఖత్ పెట్టి, పైసలు తీసుకుని చేతులు దులుపుకుంటారు. బండి మాత్రం ఆ ఖాళీ కాగితాలతోనే ఇంకో నలుగురి చేతులు మారుతుంది. ఏదైనా హాద్సా జరిగితే? బండి ఎన్ని చేతులు మారినా, రిజిస్టరులో పేరున్నవాడే పరిహారం కట్టాలని 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. తెలివిగా వదిలించుకున్నామనుకున్న బండి తిరిగి వచ్చి మీ మెడకే చుట్టుకుంటుంది.

"నిజం చెప్తే దామ్ పడిపోతుంది" అంటారు. పడుతుంది, కాదనను. పెట్టిన ఖర్చు తిరిగి రాదు. షౌక్ మీరు తీర్చుకున్నారు, దాని నష్టం కొన్నవాడు ఎందుకు మొయ్యాలి?

తీసేసిన పాత సామాను ఉంటే మళ్లీ బిగించి, కంపెనీ రూపంలో అమ్మండి. పెద్ద టైర్లు, బంపర్లు విడిగా అమ్ముకోండి. చేసిన మార్పులన్నీ కాగితం మీద రాసి, ఇద్దరు గవాహులతో దస్తఖత్ చేయించండి. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడుగైన ఆయత్, బఖరాలో 282, లేన్‌దేన్ రాసి పెట్టుకోమని చెప్పేదే. ఆర్టీఓ ఆఫీసులో పేరు మారేదాకా బండి అమ్ముడుపోయిందనుకోకండి.

అమ్మీలకూ, బహెన్లకూ ఒక మాట. మీ ఇంట్లో బండి అమ్మకానికి పెడితే, బయానా చేతిలో పడకముందే అడగండి: కొనేవాడికి అన్నీ చెప్పారా? పేరు మారుతోందా? గోష్త్ గురించి అడిగినంత గట్టిగా అడగండి. ఆ పైసలతోనే రేపు మీ పొయ్యి మీద హండీ ఎక్కేది.