చచ్చిన కాలేజీ

వెనకటి రోజుల్లో మద్రాసు చూడబోయిన పల్లెటూరివాళ్ళు ఎగ్మూరు మ్యూజియాన్ని 'చచ్చిన కాలేజీ' అనీ, జంతు ప్రదర్శనశాలను 'బతికిన కాలేజీ' అనీ అనేవారట. ఈ మాట చెప్పుకుని పట్నవాసులు నవ్వుతారు. నాకు మాత్రం ఇందులో నవ్వవలసిందేమీ కనబడదు. చచ్చినవాటి దగ్గర కూడా చదువుందని గ్రహించారు గనుకనే వాళ్ళు దాన్ని కాలేజీ అన్నారు. చదువుకున్న మనమే దాన్ని వింతల కొట్టం చేసి, సెలవుల్లో చుట్టాల పిల్లల్ని తిప్పే చోటుగా మిగిల్చాం.

నేడు వాతావరణ మార్పు మీద ప్రతి సభలోనూ ఉపన్యాసాలు దంచుతున్నారు. మొక్క నాటుతారు, ఫోటో దిగుతారు, మర్నాడు ఆ మొక్కకు నీళ్ళు పోసే దిక్కుండదు. మ్యూజియాలు కూడా జూన్ 5న బడిపిల్లలకు బొమ్మల పోటీ పెట్టి తమ బాధ్యత తీరిందనుకుంటే ఎలా? మరే సంస్థా చేయలేని పని ఒకటి మ్యూజియం చేయగలదు. అది సాక్ష్యం చెప్పడం.

గాజుబీరువాలోని గుడ్డుపెంకు సాక్ష్యం ఏమిటంటారా? బ్రిటన్‌లో డేగజాతి పక్షుల గుడ్లు గూళ్ళలోనే చితికిపోతుంటే, డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రజ్ఞుడు మ్యూజియాల్లోనూ, సొంతంగా సేకరించినవారి దగ్గరా ఉన్న పాత గుడ్డుపెంకులు తీసి తూచాడు, కొలిచాడు. 1940ల చివరినుంచి పెంకు పలచబడిందని 1967లో తేల్చాడు. డి.డి.టి. వాడకం జోరందుకున్న కాలం సరిగ్గా అదే! 1972లో అమెరికా డి.డి.టి.ని చాలావరకు నిషేధించింది. అందుకు తోడ్పడిన సాక్ష్యాల్లో పలచబడిన పెంకులూ ఉన్నాయి. ఆ పాత గుడ్లు ఏరినవాళ్ళకు డి.డి.టి. ఊసే తెలియదు. సరదాకు ఏరారు. కానీ ఏ ఊళ్ళో, ఏ ఏడు ఏరారో రాసిపెట్టారు. ఆ చీటీయే లేకపోతే అది ఉత్త పెంకు.

ఎండుటాకుల కథా ఇలాంటిదే. హెర్బేరియంలో దాచిన రెండు వందల ఏళ్ళ ఆకుల్ని వుడ్‌వర్డ్ సూక్ష్మదర్శిని కింద పెట్టి, వాటి పత్రరంధ్రాలు దాదాపు నూటికి నలభై వంతులు తగ్గాయని 1987లో ప్రకటించాడు. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగేకొద్దీ మొక్క తన కిటికీలు తగ్గించుకుంటుందన్న మాట. పరిశ్రమలు పుట్టకముందు పదిలక్షల భాగాల గాలిలో 280 భాగాలుండే ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది. ఈ అంకెలు పుస్తకంలో చదివితే పరీక్షదాకా గుర్తుంటాయి. పక్కపక్కన రెండు ఆకులు పెట్టి చూపిస్తే జన్మంతా గుర్తుంటాయి.

ఇక మన ఊరి సంగతి చూద్దాం. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం ముందు జనం తిరునాళ్ళలాగా మూగుతారు. మేలిముసుగు రెబెకాను చూసి మురుస్తారు. బయటికొచ్చి ముక్కు మూసుకుని మూసీ దాటుతారు. 1908 సెప్టెంబరు 28న ఈ నదే పొంగి దాదాపు పదిహేను వేలమందిని పొట్టన పెట్టుకుందని అంచనా. అవతలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు. నన్నడిగితే హైదరాబాదులో అన్నిటికన్నా గొప్ప మ్యూజియం వస్తువు ఆ చింతచెట్టు. ఆ వరద తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. అయినా 2020 అక్టోబరులో బస్తీలు మళ్ళీ మునిగాయి. చెరువు కడుపులో ఇళ్ళు కడితే నీళ్ళెక్కడికి పోతాయి? 1908 నాటి నీటిమట్టం గోడమీద గీత గీసి, నాటి చెరువుల పటం, నేటి చెరువుల పటం పక్కపక్కన వేలాడదీయాలి. కోట్లు అక్కరలేదు, నది వైపు కిటికీ ఉన్న ఒక గది చాలు. ఆ గీత తన తలకన్నా ఎత్తున ఉందని చూసిన మనిషి చెరువు శిఖంలో ప్లాటు కొనేముందు కాస్త ఆలోచిస్తాడు.

సేద్యగాళ్ళ ఇంట పుట్టినవాణ్ణి గనుక ఇంకోమాట కూడా అంటాను. "ఎన్కట మిరుగంల ఇత్తులు పడేటియి, ఇప్పుడు ఆన ఎప్పుడొస్తదో దేవునికే ఎరుక" అంటాడు మా నాయన. ఆ మాట నిజమే కావచ్చు, కాని ఏ ఆఫీసులోనూ చెల్లదు. రైతు నోటిమాటకు విలువ లేదు, కాగితానికుంది. మరి ఆ కాగితం పల్లెలో దాచేదెవరు? ఏ ఏడు ఏ విత్తనం వేశారు, బావిలో నీళ్ళెంత లోతున ఉన్నాయి, తొలకరి ఏనాడు పడింది – ఇవన్నీ జిల్లా మ్యూజియంలో రాజుల నాణేల పక్కన ఉండదగిన వస్తువులే. జహీరాబాదు వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవారు సంక్రాంతికి మొదలుపెట్టి నెలరోజులపాటు జొన్న, కొర్ర, సామ విత్తనాలను ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పే 'పాత పంటల జాతర' ఏళ్ళ తరబడి చేస్తూ వచ్చారు. తక్కువ నీటితో పండే పంటలవి. మ్యూజియాలమీద గ్రంథాలు రాసినవారికన్నా ఆ తల్లులకే మ్యూజియం అంటే ఏమిటో బాగా తెలుసని నా నమ్మకం. వాళ్ళ వస్తువు మట్టిలో వేస్తే మొలుస్తుంది కూడా!

దాచినవి పోతే తిరిగి రావు. ఢిల్లీలో 1978 పర్యావరణ దినోత్సవం నాడు తెరిచిన జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం 2016 ఏప్రిల్ 26న అగ్నికి ఆహుతైంది. రాజధానిలోనే ఆ గతి పడితే, మన కాలేజీల సంగతి చెప్పాలా?

మిత్రులారా, మన బోటనీ డిపార్టుమెంటులోనూ ఒక బీరువా ఉంది. అందులో మన సీనియర్ల సీనియర్లు ఎక్కడెక్కడినుంచో తెచ్చి అతికించిన మొక్కలున్నాయి. పురుగు తిన్నవి పోగా మిగిలినవాటికి సగానికి చీటీలు ఊడిపోయాయి. యూనియన్ వారు వార్షికోత్సవం మైకుసెట్టుకు పెట్టే ఖర్చులో పిసరంత దీనికిస్తే నాఫ్తలీన్ ఉండలు, అట్టలు, జిగురు వచ్చేస్తాయి. ఊడిన చీటీలు వెతికి జతచేయడానికి, ఈ ఏటి మొక్కలు ఊరిపేరుతో, తేదీతో చేర్చడానికి మా క్లాసులో నలుగురం సిద్ధంగా ఉన్నాం. బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో చెబితే చాలు.