నడిచిన జాడ మనది, అప్‌లోడ్ నిర్ణయం గ్రామసభది



ఫోన్‌లో మ్యాప్ తెరిచి మీ గూడెం ఎక్కడుందో ఎప్పుడైనా వెతికారా? చాలాచోట్ల ఊరి పేరుండదు. వాగు గీత ఉంటుంది, వాగు పేరుండదు. సంతకు పోయే బాట అసలే ఉండదు. అంతా పచ్చరంగు. చూసేవాళ్లకు అక్కడ మనుషులున్నారనే తెలియదు.

ఈ లోటు మనమే పూడ్చుకోవచ్చు. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను ఎవరైనా దిద్దొచ్చు. ఓస్మాండ్ లాంటి యాప్‌లో రికార్డు నొక్కి నడిస్తే చాలు, మన జాడ జీపీఎక్స్ ఫైలుగా మిగులుతుంది. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది.

కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. రికార్డు చేయడం వేరు, అప్‌లోడ్ చేయడం వేరు. మొదటిది ఇవాళే మొదలుపెట్టండి. రెండోది గ్రామసభను అడగకుండా చేయొద్దు.

రికార్డు ఎందుకు? అటవీ హక్కుల చట్టం, 2006 కింద సామూహిక అటవీ వనరుల హక్కు కోసం ఫారం-సి పెట్టాలంటే మన సరిహద్దు చూపించాలి. ఆ హద్దు తాతముత్తాతల కాలం నుంచి మన నోటి మీద ఉంది, కాగితం మీద లేదు. శాటిలైట్ ఫొటోలో చెట్లు కనిపిస్తాయి. ఏ చెట్టు కింద ఇప్పపువ్వు ఏరుతామో, ఏ గుట్ట దాకా తునికాకు కోస్తామో కనిపించదు. 2012 సవరణ నిబంధనల్లోనే ఉంది: శాటిలైట్ చిత్రాలు మిగతా ఆధారాలకు తోడుగానే ఉండాలి, వాటి స్థానంలో కాదు. "శాటిలైట్‌లో లేదు కాబట్టి మీ క్లెయిమ్ చెల్లదు" అంటే ఈ మాట అడగండి.

మన ట్రాక్ కూడా ఒంటరిగా చాలదు. క్లెయిమ్‌కు కనీసం రెండు ఆధారాలు కావాలి. పెద్దవాళ్ల వాంగ్మూలం రాతలో పెడితే అదీ ఆధారమే. కాబట్టి పెద్దలను వెంటబెట్టుకుని నడవండి. పక్క ఊరివాళ్లనూ పిలవండి, రేపు హద్దు తగాదా రాకుండా.

మరి అప్‌లోడ్ దగ్గర ఎందుకు ఆగాలి? ట్రాక్‌లో దారి ఒక్కటే ఉండదు. ఏ నిమిషంలో ఎక్కడున్నామో టైముతో సహా ఉంటుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో 'ప్రైవేట్' అని పెట్టినా, పేరు లేకుండా, వరుస లేకుండా ఆ చుక్కలు బయటికి వస్తాయి. తర్వాత తీసేయొచ్చు, కానీ ఈలోగా ఎవరైనా కాపీ చేసుకుంటే? ఆ మ్యాప్ డేటా అందరిదీ. మనకు ఎంత తెరిచి ఉందో, గనుల కంపెనీకీ అంతే తెరిచి ఉంది. దేవర స్థలం, మందుమొక్కలు దొరికే చోటు, తేనె తీసే గుట్ట లోకానికి చూపాలా వద్దా అన్నది ఫోన్ ఉన్న ఒక్కరు తేల్చే విషయం కాదు.

"అన్నీ దాచుకుంటే మళ్లీ మనం మ్యాప్‌లో లేకుండా పోతాం కదా" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దాచాల్సినవి కొన్నే. గూడెం పేరు, బడి, బోరింగు, అంబులెన్సు రాగలిగే దారి, వానాకాలం పొంగే వాగు... ఇవి తప్పకుండా పెట్టండి, మన భాషలో పిలిచే పేర్లతోనే. ట్రాక్ ఎక్కించగానే బాట మ్యాప్‌లోకి రాదని గుర్తుంచుకోండి, దాన్ని చూసి ఎవరో ఒకరు గీయాలి. ఆ గీసే పని కూడా మనమే నేర్చుకుందాం.

పద్ధతి కష్టమైనదేం కాదు. బాటకో ఫైలు, హద్దుకో ఫైలు. ఫైలు పేరులో ఊరు, తేదీ, అదేమిటో రాయండి. హద్దు మలుపు దగ్గర ఒక నిమిషం నిలబడి గుర్తు పెట్టండి, ఎందుకంటే దట్టమైన చెట్ల కింద జీపీఎస్ కొంచెం పక్కకు చూపిస్తుంది. ఇంటికి చేరకముందే రికార్డు ఆపండి. అసలు ఫైలు చెరపకుండా రెండుచోట్ల దాచండి, ఒకటి అటవీ హక్కుల కమిటీ దగ్గర ఉండాలి. ఏది బయటపెట్టాలి, ఏది ఊళ్లోనే ఉంచాలి అన్నది గ్రామసభలో చర్చించి తీర్మానం పుస్తకంలో రాయించండి.

ఇన్నాళ్లూ మన అడవికి మ్యాపు వేరేవాళ్లు గీశారు. ఇప్పుడు గీసే చెయ్యి మనదైతే, ఎక్కడ గీయకూడదో చెప్పే నోరు కూడా మనదే కావాలి.

జోహార్!