నితీష్ రెడ్డి.. ఆల్‌రౌండరా? ఆటలో అరటిపండా?

చిలుకూరు (సూర్యాపేట): కోదాడ పక్కనున్న చిలుకూరు లాంటి ఊళ్లలో ఆదివారం టెన్నిస్ బాల్ మ్యాచ్ చూసినవాళ్లకు ఓ సంగతి బాగా తెలుసు. జట్టులో కాస్త బ్యాటింగ్, కాస్త బౌలింగ్ వచ్చినవాడికి క్షణం తీరిక ఉండదు. పదకొండు మందిని పోగేయడమే కష్టం కాబట్టి కెప్టెన్ వాడికి బంతి ఇవ్వక తప్పదు, బ్యాట్ ఇవ్వక తప్పదు. పనిలేనివాడిని మాత్రం ఆటలో అరటిపండు అంటారు. ఇప్పుడు టీమిండియాలో మన తెలుగు కుర్రాడు నితీష్ కుమార్ రెడ్డి పరిస్థితి చూస్తే ఈ రెండో మాటే గుర్తొస్తోంది.

గువాహటిలో దక్షిణాఫ్రికా చేతిలో భారత్ 408 పరుగుల తేడాతో చిత్తయింది. పరుగుల పరంగా టెస్టుల్లో మనకు ఇదే అతిపెద్ద ఓటమి. ఆ మ్యాచ్‌లో నితీష్ చేసింది 10, 0. రెండు ఇన్నింగ్స్ కలిపి వేసింది 10 ఓవర్లే, వికెట్ లేదు. దీంతో పాత చర్చ మళ్లీ మొదలైంది. ఇతను జట్టుకు అవసరమా? ఎవరి చోటు తింటున్నాడు?

లెక్కలు ఏం చెబుతున్నాయి?

గువాహటి మ్యాచ్ దాకా 10 టెస్టులు.. 396 పరుగులు, 8 వికెట్లు. పైపైన చూస్తే సాదాసీదా లెక్కే. కానీ దీన్ని రెండు ముక్కలు చేసి చూడాలి.

మొదటి ముక్క 2024-25 ఆస్ట్రేలియా సిరీస్. పెర్త్‌లో అరంగేట్రం, భారత్ 150కి కుప్పకూలితే అందులో 41 ఇతనివే. అడిలైడ్‌లో 42, 42. మెల్‌బోర్న్‌లో 191 పరుగులకే 6 వికెట్లు పడ్డాక 8వ నంబర్‌లో వచ్చాడు. వాషింగ్టన్ సుందర్‌తో 127 పరుగులు జోడించాడు. 99 దగ్గర ఉండగా అవతలి ఎండ్‌లో చివరి బ్యాటర్ సిరాజ్.. కమిన్స్ బంతుల్ని కాచుకున్నాడు. తర్వాతి ఓవర్లో బోలండ్ బంతి బౌండరీ దాటింది. చివరికి 114. ఈ విశాఖ కుర్రాడి కోసం ఉద్యోగం వదులుకున్న తండ్రి ముత్యాల రెడ్డి గ్యాలరీలో కన్నీళ్లు పెట్టుకున్న దృశ్యం తెలుగువాళ్లు మర్చిపోరు. ఆ సిరీస్‌లో మొత్తం 298 పరుగులు, 5 వికెట్లు. నాలుగు ఇన్నింగ్స్‌లో భారత్ టాప్ స్కోరర్ అతనే.

రెండో ముక్క ఆ తర్వాతిది. 5 టెస్టులు, 7 ఇన్నింగ్స్, 98 పరుగులు, 3 వికెట్లు. ఇక్కడే విమర్శకులకు బలం దొరికింది.

తప్పు అతనిదేనా?

కొంత అతనిదే. దాచాల్సిన పనిలేదు. 2025 ఎడ్జ్‌బాస్టన్‌లో శుభ్‌మన్ గిల్ 269, 161 కొట్టిన పిచ్ మీద నితీష్ రెండుసార్లూ ఒక్క పరుగుకే అవుటయ్యాడు. ఆస్ట్రేలియాలోనూ చివర్లో సిడ్నీలో 0, 4తో సరిపెట్టుకున్నాడు. పైగా గాయాలు. మోకాలి దెబ్బతో ఇంగ్లండ్ సిరీస్ మధ్యలోనే ఇంటికొచ్చాడు. అక్టోబర్‌లో ఆస్ట్రేలియా వన్డే టూర్‌లో తొడ కండరం పట్టేసింది. ఫిట్‌గా లేని ఆల్‌రౌండర్‌ని నమ్ముకుంటే జట్టు ఒకేసారి ఇద్దరు ఆటగాళ్లను కోల్పోయినట్టే.

కానీ మిగతా సగం టీమ్ మేనేజ్‌మెంట్‌ది. లార్డ్స్‌లో బంతి ఇస్తే తన మొదటి ఓవర్లోనే డకెట్, క్రాలీ ఇద్దర్నీ పంపించాడు. రెండో ఇన్నింగ్స్‌లో మళ్లీ క్రాలీ వికెట్ తీశాడు. ఆ తర్వాత స్వదేశంలో ఏమైంది? వెస్టిండీస్‌తో అహ్మదాబాద్ టెస్టులో వేసింది 4 ఓవర్లు, బ్యాటింగ్ రానేలేదు. ఢిల్లీలో 5వ స్థానంలో పంపితే 43 కొట్టాడు, ఒక్క ఓవర్ కూడా ఇవ్వలేదు. కోల్‌కతా టెస్టుకు ముందు జట్టు నుంచి విడుదల చేసి భారత్-ఎ మ్యాచ్‌లకు పంపారు. వెంటనే గువాహటికి పిలిచి నేరుగా ఆడించారు. ఒకసారి 8, ఇంకోసారి 5. ఓసారి బౌలర్, మరోసారి ప్రేక్షకుడు. పని ఏంటో చెప్పకుండా ఫలితం అడిగితే ఎలా?

జాన్సెన్ ఏం నేర్పాడు?

మన పిచ్‌ల మీద స్పిన్నర్లే సరిపోతారు, పేస్ ఆల్‌రౌండర్‌కు పనేం ఉంటుందనే వాదన ఉంది. అందులో నిజం లేకపోలేదు. జడేజా, సుందర్ ఉన్నప్పుడు మూడో పేసర్‌కు ఓవర్లు మిగలవు. కానీ అదే గువాహటి పిచ్ మీద దక్షిణాఫ్రికా పేస్ ఆల్‌రౌండర్ మార్కో జాన్సెన్ 93 పరుగులు కొట్టి, ఒకే ఇన్నింగ్స్‌లో 6 వికెట్లు తీశాడు. అతని ఎత్తు, వేగం నితీష్‌కు లేవు, అది ఒప్పుకోవాలి. తేడా అక్కడితో ఆగదు. జాన్సెన్‌ను ముందు బౌలర్‌గా ఎంచుకున్నారు, బ్యాటింగ్ అదనం. నితీష్‌ను దేనికి ఎంచుకున్నారో ఇప్పటికీ స్పష్టత లేదు.

ఇలాంటి ఆటగాళ్లకు టైమ్ పడుతుందని చరిత్ర చెబుతోంది. ఇంగ్లండ్ ఆల్‌రౌండర్ ఫ్లింటాఫ్ 1998లో టెస్టుల్లోకి వచ్చాడు. తొలి సెంచరీ కొట్టింది 2002లో. 2005 యాషెస్‌లో 402 పరుగులు, 24 వికెట్లతో హీరో అయ్యాడు. మన దగ్గర కపిల్ దేవ్ 1994లో చివరి టెస్టు ఆడాక ఆ ఖాళీ నిండనేలేదు. హార్దిక్ పాండ్యా ప్రయాణం 11 టెస్టులతో 2018లోనే ఆగిపోయింది.

మరి ఏం చేయాలి?

స్వదేశంలో ముగ్గురు స్పిన్నర్లతో ఆడే టెస్టుల్లో అంకె నింపడానికి నితీష్‌ను తీసుకోవడం దండగ. ఆ సమయంలో ఆంధ్ర తరఫున రంజీల్లో రోజుకు 15 ఓవర్లు వేయిస్తే బౌలింగ్ రాటుదేలుతుంది, ఒళ్లు గట్టిపడుతుంది. ఆస్ట్రేలియా, ఇంగ్లండ్, దక్షిణాఫ్రికా లాంటి చోట్ల మాత్రం తొలి టెస్టు నుంచే ఆడించాలి, నాలుగో పేసర్‌గా బంతి ఇవ్వాలి. అప్పటికీ వికెట్లు రాకపోతే, పరుగులు రాకపోతే పక్కన పెట్టొచ్చు. అప్పుడు ఎవరూ అభ్యంతరం చెప్పరు.

ఇందులో నష్టం ఒక్క నితీష్‌కే కాదు. ఇంగ్లండ్‌లో 5 టెస్టులూ కుల్దీప్ యాదవ్ బెంచ్‌కే పరిమితమయ్యాడు. బ్యాటింగ్ లోతు కోసమని ఆల్‌రౌండర్లకు చోటిచ్చి, వాళ్లకు బంతి ఇవ్వకపోతే అసలైన బౌలర్‌ను ఊరికే కూర్చోబెట్టినట్టే కదా! చిలుకూరు గ్రౌండ్‌లో ఏ కెప్టెనూ చేయని పొరపాటు ఇది. పనికొస్తాడనుకుంటే పని చెప్పాలి. పనికిరాడనుకుంటే ఆ మాట సూటిగా చెప్పాలి. కుర్రాడిని అటూ ఇటూ కాకుండా నిలబెట్టి నిలకడ లేదనడం మాత్రం న్యాయం కాదు.